రొయ్యల గుంటకు వైఫై

ఎక్కడికైనా మోసుకుపోవచ్చని కొన్న కంప్యూటర్లు నా దగ్గర చాలా ఉన్నాయి. అన్నీ ఒకే గదిలో ఉంటాయి. సంచిలో పట్టే లాప్‌టాప్ ఒకటి. దానికన్నా చిన్నది, రెండు చేతుల్లో పట్టుకుని బొటనవేళ్లతో నొక్కేది మరొకటి. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, తెరా మీటలూ ఏమీ లేనిది ఇంకొకటి. ఈ చివరిదాన్ని చూసి మా అక్క, "దీంట్లో ఏముండాదిరా?" అని అడిగింది. కంప్యూటర్‌కు కావలసిందంతా ఉందని చెప్పాను. "ఉంటే కనపడాల గదా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

లాప్‌టాప్ నిజంగానే తేలిక. దాని ఛార్జరు, ఆ ఛార్జరు తీగ, మిగతావన్నీ తగిలించుకునే చిన్న పెట్టె, ఆ పెట్టెకు మళ్లీ ఒక ఛార్జరు, ఇవన్నీ చేరాక సంచి బరువు మా అక్క రేషను బియ్యం తెచ్చే సంచితో పోటీ పడుతుంది. నేను మాత్రం అడిగినవాళ్లకు లాప్‌టాప్ బరువే చెబుతాను.

ఆఫీసువాళ్లు ఇంటినుంచే పని చేసుకోమన్నప్పుడు నేను నగరంలో గది ఖాళీ చేసి అక్కా బావల ఇంటికి వచ్చేశాను. ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు వెళ్లే దారిలో మా ఊరు. పైగది నాకిచ్చారు. బావకు కొంచెం వరిపొలం, ఊరి బయట రొయ్యల గుంటలు ఉన్నాయి. ఇంట్లో ఉండేది ముగ్గురం. వైఫై పెట్టెలు మాత్రం నాలుగు. మెట్ల మీద ఒకటి, వసారాలో ఒకటి, నా గదిలో ఒకటి, ఫ్రిజ్ మీద ఒకటి. ఇంట్లో ఏ మూల నిలబడినా సిగ్నలు ఒక్క గీత కూడా తగ్గకూడదన్నది నా పట్టుదల. ఏ మూలా నిలబడే అవసరం ఎవరికీ లేదన్నది వేరే సంగతి. బావ ఫోను మాట్లాడాలంటే వీధిలోకి వెళ్లి మాట్లాడతాడు. ఫ్రిజ్ మీది పెట్టెకు దుమ్ము పడుతోందని అక్క దానికో పూల గుడ్డ కప్పింది. అలా కప్పితే వేడెక్కుతుందని చెప్పాను. "జలుబు చేసేదానికన్నా మేలే" అంది.

నాకు ఈ పెట్టెల మీద ఉన్నంత శ్రద్ధ బావకు రొయ్యల మీద ఉండేది. రొయ్యలకు నీళ్లలో గాలి కావాలి. అందుకని గుంటలో ఏరియేటర్లు పెడతారు. నీళ్లను చిలుకుతూ రాత్రింబగళ్లు తిరిగే చక్రాలవి. కరెంటు పోతే అవి ఆగిపోతాయి. వెంటనే డీజిల్ ఇంజన్ వేసి తిప్పాలి. ఆలస్యమైతే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. మబ్బు పట్టిన రోజైతే మరీ ప్రమాదం. గుంటకాడ కాపలాకు ఒక పెద్దాయన ఉన్నాడు. అయినా బావకు నమ్మకం కుదరదు. అన్నం తింటున్నప్పుడు ఇంట్లో ఫ్యాను కాస్త నెమ్మదించిందంటే చాలు, ఎంగిలి చేత్తోనే మోటారు సైకిల్ దగ్గరికి నడిచేవాడు. గుంటలకు కరెంటు లైను వేరే, ఇంటికి వేరే. ఇక్కడ ఫ్యాను నెమ్మదించడానికీ అక్కడ చక్రాలు ఆగడానికీ సంబంధం లేదు. ఆ సంగతి బావకూ తెలుసు. తెలిసీ లేచేవాడు.

ఒకరోజు అలా లేచి వెళ్లిన బావ కంచం మీద అక్క మూత పెడుతూ, "ఈ మనిషి ఒక్క పూటన్నా పెరుగన్నం దాకా కూర్చున్నాడా" అంది. నాకు కావలసింది ఆ మాటే. చాలా రోజులుగా రెండు యాంటెన్నాలు కొనడానికి సాకు వెతుకుతున్నాను. ఒక చోటినుంచి ఇంకో చోటికి, తీగ లేకుండా, చేల మీదుగా నెట్టును పంపేవి. చూడటానికి టిఫిను ప్లేట్లలా ఉంటాయి. ఒకటి మన నీళ్లట్యాంకు మీద, ఒకటి గుంటకాడి షెడ్డు మీద పెడితే అక్కడ కెమెరా పెట్టొచ్చు, బావ పెరుగన్నం తింటూ గుంటను చూసుకోవచ్చు అని చెప్పాను. బావ చాలాసేపు ఆలోచించి, "రొయ్యలకు నెట్టు తగిల్తే ఏం కాదు గదా?" అని అడిగాడు. ఏం కాదన్నాను. సరే అన్నాడు.

రెండు ప్లేట్లూ ఒకదాన్నొకటి సూటిగా చూసుకోవాలి. వెంట్రుకవాసి పక్కకు తిరిగినా లాభం లేదు. షెడ్డు మీది ప్లేటును పెద్దాయనకు అప్పజెప్పి, నేను లాప్‌టాప్‌తో నీళ్లట్యాంకు ఎక్కాను. ఎక్కడైనా వాడుకోవచ్చన్న ఆ యంత్రం ఎండలో మాత్రం పనికిరాదని అప్పుడు తెలిసింది. తెర మీద నా ముఖం తప్ప ఏమీ కనిపించలేదు. తువ్వాలు తలమీంచి కప్పుకుని, దానికింద లాప్‌టాప్ పెట్టుకుని అంకెలు చూస్తూ కూర్చున్నాను. దారిన పోయేవాళ్లు ఆగి, "మీ తమ్ముడు ట్యాంకు మీద ఆవిరి పడ్తుండాడేంది?" అని అక్కను అడిగారు. అక్క, "పడిశం" అని చెప్పి పంపించింది. నేను ఫోనులో "కొంచెం ఎడమకు" అంటే పెద్దాయన తన ఎడమకు తిప్పేవాడు, నాకేమో నా ఎడమ కావాలి. మధ్యలో సరుగుడు తోపు ఒకటి. సాయంత్రానికి ఎలాగో రెండు ప్లేట్లకూ చూపులు కలిశాయి.

వాడకుండా పడున్న ట్యాబ్లెట్‌ను వంటింట్లో క్యాలెండరు పక్కన మేకుకు తగిలించాను. దాంట్లో గుంట కనపడింది. కట్ట, షెడ్డు కొన, తిరుగుతున్న చక్రాలు, ఎగిరే నీళ్ల తుంపర. అక్క గరిటె పట్టుకుని వచ్చి చూసి, "నిజంగా మన గుంటేనా?" అంది. బావ పీట తెచ్చుకుని దాని ముందు కూర్చున్నాడు.

ఇక ఆ పీట మీంచి లేవలేదు. ఇదివరకు గుంటకాడికి వెళ్లినా నీళ్లు చూసి, మేత చూసి, పక్క గుంటవాళ్లతో నాలుగు మాటలు చెప్పి వచ్చేవాడు. ఇప్పుడు కళ్లార్పకుండా చూస్తున్నాడు. పెరుగన్నం దాకా కూర్చుంటున్నాడు గానీ ఏం తింటున్నాడో తెలియడం లేదు. బయటికి వెళ్తే ఫోనులో చూస్తున్నాడు. "ముందైతే తిండి మధ్యలో లేచిపోయేవోడు. ఇప్పుడు లేవకుండానే పోతుండాడు" అంది అక్క.

పెద్దాయనకు కూడా ఒక మేలు జరిగింది. షెడ్డులో నెట్టు ఉందని తెలియగానే ఫోనులో పౌరాణిక నాటకాలు చూడటం మొదలుపెట్టాడు. పద్యాలంటే ఆయనకు ప్రాణం. వయసులో ఉన్నప్పుడు వేషాలు కూడా వేశాడట. చెవులకు తగిలించుకునేవి నా దగ్గర రెండు మూడు జతలు పడి ఉంటే ఒకటి ఆయనకిచ్చాను. ఆయన నన్ను రెండు చేతులెత్తి దీవించాడు. కరెంటు పోయినా నెట్టు పోకూడదని షెడ్డులోని వైఫై పెట్టెకూ ప్లేటుకూ కలిపి ఒక బ్యాటరీ కూడా పెట్టాను. కెమెరాను దానికి కలపలేదు. తీగ అందలేదు.

బావ ఫిర్యాదు ఒక్కటే. ఉండుండి తెర నల్లబడుతోంది. ఉప్పుగాలికో, ప్లేటు మీద కాకి వాలడం వల్లో కాసేపు బొమ్మ తెగిపోయి మళ్లీ వస్తుంది. నల్లబడినప్పుడల్లా బావ గుండె పట్టుకునేవాడు. "ఏమబ్బా, ఇది నన్ను ముందే పంపించేట్టుండాదే" అన్నాడు. కెమెరాతో వచ్చిన యాప్‌ను వెతికితే అందులో దీనికొక వీలు కనపడింది. బొమ్మ తెగిపోతే తెర నల్లబడకుండా, మళ్లీ వచ్చేదాకా ఆఖరి బొమ్మనే చూపిస్తుంది. ట్యాబ్లెట్‌లోనూ బావ ఫోనులోనూ దాన్ని నొక్కాను. ఆ రోజు నుంచి తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు. బావ సంతోషించాడు. నేనూ సంతోషించాను.

తర్వాత కొన్నాళ్లకు మబ్బు పట్టింది. పొద్దున్నే బావ మేత మాట్లాడటానికి నెల్లూరు వెళ్లాడు. గుంటను జేబులో పెట్టుకుని ధైర్యంగా వెళ్లాడు. అక్క చేపలు కడుగుతోంది. నేను వంటింట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్నాను.

"రే, ఆ కొంగ చూడు" అంది అక్క. తెరలో కట్ట మీద ఒక కొంగ నిలబడి ఉంది. "పొద్దున్నించీ అట్నే ఉండాది."

"కొంగ పని నిలబడటమే గదక్కా" అన్నాను.

ఆమె మళ్లీ చేపల మీద పడింది. కాసేపటికి బయట వాన మొదలైంది. పెరట్లో గిన్నెల మీద చినుకుల చప్పుడు. అక్క పరుగెత్తి బట్టలు తీసుకొచ్చి, తడిచేతులు తుడుచుకుంటూ తెర చూసింది. "ఇక్కడింత వాన పడ్తుంటే అక్కడ చుక్క కూడా లేదే."

సముద్రం పక్క ఊళ్లలో వాన ఎలా పడుతుందో ఆమెకు వివరించాను. ఒక వీధిలో పడి ఇంకో వీధిలో పడకపోవచ్చన్నాను. రెండు చేతులతో పట్టుకునే చిన్న కంప్యూటర్ తీసి, మేఘాల పటం తెరిచి, ఆకుపచ్చ మచ్చల్ని వేలితో చూపించాను. అక్క ఆ మచ్చల్ని ఓపిగ్గా చూసింది. తర్వాత తన ఫోను తీసి గుంటకాడి పెద్దాయనకు చేసింది. మాట గట్టిగా వినపడేలా పెట్టింది.

"ఏం తాతా, చక్రాలు తిరుగుతుండాయా?"

"ఆ, తిరుగుతుండాయమ్మా. ఏం ఫర్వాలేదు" అన్నాడు ఆయన.

అక్క ఫోను పెట్టేసి అలాగే నిలబడింది. "ఆయన మాట ఇంత బాగా ఎప్పుడూ వినపళ్లేదే" అంది.

"నెట్టు మీద వచ్చే కాల్ గదక్కా, అట్నే ఉంటాది. చాలా స్పష్టంగా ఉంటాది" అన్నాను గర్వంగా.

"అది కాదురా. గుంటకాడినుంచి ఫోను చేస్తే ఎప్పుడూ అరవాల్సొస్తాది. ఆ చక్రాల మోతకు సగం మాటలు తెలీవు. ఇప్పుడు మోత ఏదీ?"

తెరలో చక్రాల తుంపర కూడా కొంగలాగే గాలిలో నిలబడి ఉంది. అక్క అప్పటికే స్కూటీ తాళాలు తీసుకుంది. నేను అలవాటు కొద్దీ లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని వెనక ఎక్కాను. గొడుగు తీసుకోవాలని తోచలేదు, సంచి మాత్రం తీసుకున్నాను.

గుంటకాడికి చేరేసరికి వాన జోరందుకుంది. చక్రాలు ఆగి ఉన్నాయి. ఎప్పుడూ మోతగా ఉండే చోటు అంత నిశ్శబ్దంగా ఉంటే భయమేసింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. షెడ్డులో పెద్దాయన మంచం మీద కూర్చుని, చెవులకు నేనిచ్చినవి తగిలించుకుని, ఎదురుగా ఫోను నిలబెట్టుకుని పద్యం వింటున్నాడు. ఎప్పుడు కరెంటు పోయిందో ఆయనకు తెలియదు, ఫోనులో అక్కకు చూడకుండానే చెప్పాడు. మబ్బు చల్లదనానికి ఫ్యాను వేసుకోలేదు. చెవుల్లో పద్యాల మోతలో చక్రాల మోత ఆగడం తెలియలేదు. నెట్టు ఆగిపోయి ఉంటే నాటకం ఆగేది, నాటకం ఆగితే లేచేవాడు. నా బ్యాటరీ నెట్టును ఆగనివ్వలేదు. నేను పెట్టినవాటిలో ఆ రోజు ఏ లోపం లేకుండా పనిచేసింది అదొక్కటే.

మమ్మల్ని చూసి ఆయన చెవుల్లోవి పీకేసి బయటికి వచ్చాడు. నీళ్ల వైపు చూసి, "అయ్యో తల్లీ" అని తల పట్టుకున్నాడు.

గుంట అంచుల్లో రొయ్యలు పైకి వచ్చి ఉన్నాయి. వేళ్లంత లేవు ఇంకా. మీసాలు నీళ్ల మీద కదులుతున్నాయి. కొన్ని ఎగిరెగిరి పడుతున్నాయి. నేను అన్ని రోజులూ తెర మీద గుంటను చూశానే గానీ రొయ్యను చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"చూస్తా నిలబడ్డావేంది, రా" అంది అక్క. తిప్పడం తేలికయ్యేలా ఇంజన్ పైనున్న మీట ఆమె నొక్కి పట్టుకుంది. నేను హ్యాండిల్ తిప్పాను. మొదటిసారి జారింది. రెండోసారి అది వెనక్కి తన్నితే మోచెయ్యి అదిరింది. సంచి అడ్డం వస్తుంటే తీసి బురదలో పెట్టాను. "గట్టిగా తిప్పరా, అది కీబోర్డు కాదు" అంది అక్క. వేగం అందుకున్నాక ఆమె మీట వదిలింది. ఇంజన్ దగ్గి దగ్గి అందుకుంది. పెద్దాయన స్విచ్చిని ఇంజన్ వైపు మార్చాడు. చక్రాలు ఒకటొకటిగా కదిలాయి, తర్వాత తుంపర లేచింది. ఆ మోత విని అక్క కట్ట మీద తడి మట్టిలోనే కూర్చుండిపోయింది.   

ఒక గుంటలో ఒక పక్క రొయ్యలు పోయాయి. మిగతావి బతికాయి. వాన తగ్గాక బావ వచ్చాడు. ఆయన ఆ పొద్దంతా మేత అంగడిలో కూర్చుని, వచ్చిన ప్రతి మనిషికీ ఫోనులో తన గుంట చూపిస్తున్నాడట. "ఇంట్లో కూర్చోని చూసుకోవచ్చబ్బా, అదిగో చక్రాలు, అదిగో కొంగ" అని. అక్క చెప్పిందంతా విన్నాడు. పెద్దాయన దగ్గరికొచ్చి ఏదో అనబోతుంటే, "నువ్వు విన్లేదు, నేను చూడలేదు. ఇద్దరికీ సరిపొయ్యింది" అన్నాడు. చేతివల తీసుకుని నీళ్లలోకి దిగి చచ్చినవాటిని ఎత్తిపోయడం మొదలుపెట్టాడు.  నేనూ పంచె ఎగగట్టి దిగాను.

ఆ సాయంత్రం నేను నిచ్చెన తెచ్చి పెరట్లో పెట్టాను. ట్యాంకు మీది ప్లేటు దించేద్దామని. బావ కాఫీ తాగుతూ చూశాడు.

"ఏం చేస్తుండావు?"

"తీసేస్తా బావా."

"తీసేదేంది? ఆ కెమెరా పనిచేస్తుండాదా లేదా అని చూసేదానికి ఇంకో కెమెరా పెట్టు."

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. ముఖం చూస్తే కాదు. ఇంత జరిగాక కూడా ఆయనకు నమ్మకం తగ్గలేదు. నాకు తగ్గింది. ఆఖరి బొమ్మ చూపించే ఆ వీలును తీసేశాను. నల్లబడితే నల్లబడనీ అన్నాను. కరెంటు పోగానే ఫోనులో గంట మోగేలా, అక్క 'ఏముండాది' అని అడిగిన ఆ చిన్న పెట్టెతో ఒక ఏర్పాటు చేశాను. కెమెరాకూ బ్యాటరీ పెట్టాను. అక్క తన వంతుగా ఒక పాత ఎర్ర చీర అంచు చింపి కెమెరా ఎదురుగా గుంజకు కట్టింది. సముద్రపు గాలికి అది ఎప్పుడూ ఎగురుతూ ఉంటుంది, ఎగిరితే బొమ్మ బతికి ఉన్నట్టు.

ఊళ్లో అందరికీ ఆ ఎర్రగుడ్డే నచ్చింది. నా గంట సంగతి ఎవరూ అడగలేదు. ఒక మధ్యాహ్నం గాలి బొత్తిగా లేదు. గుడ్డ వేలాడుతోంది. అది చూసి అక్క కేక వేయడం, బావ ఎంగిలి చేత్తో మోటారు సైకిల్ ఎక్కడం, నేను సంచి లేకుండా పరుగెత్తడం అన్నీ ఒకేసారి జరిగాయి. గుంటకాడ చక్రాలు శుభ్రంగా తిరుగుతున్నాయి. పెద్దాయన మేత చల్లుతున్నాడు. "ఏం కొంప మునిగిందమ్మా?" అని మమ్మల్నే అడిగాడు. ఆయన ఇప్పుడు నాటకాలు ఒక చెవితోనే వింటాడు. రెండో చెవి గుంటకని చెప్పాడు.

పంట బాగానే వచ్చింది. పోయినవాటి సంగతి బావ ఎవరికీ చెప్పలేదు, ఫోనులో గుంట కనపడే సంగతి మాత్రం అందరికీ చెప్పాడు. కొంగ కథ కూడా చెప్పేవాడు, కానీ ఆ కథలో కొంగను కనిపెట్టింది తనే. పక్క గుంటవాళ్లు ఒకరి తర్వాత ఒకరు నన్ను వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. ఆదివారాలన్నీ ఎవరో ఒకరి షెడ్డు మీద, తల మీద తువ్వాలుతో గడుస్తున్నాయి. నేను మొదట ప్రతివాళ్లకూ హెచ్చరిక చెప్పేవాణ్ణి. తెరను నమ్మొద్దు, ఒకసారి పోయి చూసుకోండి అని. వాళ్లు నన్ను అనుమానంగా చూసేవాళ్లు. పెట్టేవాడే నమ్మొద్దంటే ఎలా అని. ఒకాయనైతే బావ దగ్గరికి వెళ్లి, "మీ బామ్మర్దికి ఈ పని అంతగా రాదనుకుంటా" అన్నాడట. అప్పటినుంచి హెచ్చరికలు మానేశాను.

వీటన్నిటి మధ్య నా మంచి పెట్టెలు ఒక్కొక్కటే గుంటల వైపు వెళ్లిపోయాయి. ఇంట్లో ఫ్రిజ్ మీదిది ఒక్కటే మిగిలింది, పూలగుడ్డ కింద. పైగదికి దాని సిగ్నలు అందదు. అందుకని ఆఫీసు మీటింగులకు నేనే బావ షెడ్డుకు వెళ్తున్నాను. లాప్‌టాప్ మొదటిసారి నిజంగా మోసుకుపోయే వస్తువైంది. మొన్న మా పై అధికారి మీటింగులో నన్ను ఆపి, ఏమిటా శబ్దం, మీకక్కడ వరదా అని అడిగింది. ఏరియేటర్లండీ అని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. కెమెరా పెట్టమంది. పెట్టాను. నా వెనక గుంట, కట్ట, ఎగిరే తుంపర, సాయంత్రపు ఎండ.

"బ్యాక్‌గ్రౌండు చాలా బాగుంది. ఎక్కడ దొరికింది? నాకూ పంపించండి" అంది.

ఇది నిజమైనదేనండీ అన్నాను. అందరూ నవ్వారు. ఇంతలో పెద్దాయన మేత బకెట్టుతో నా వెనకగా నడిచి వెళ్లాడు. "కదులుతోంది కూడానా" అని ఇంకెవరో మెచ్చుకున్నారు. నేను ఇక వాదించకుండా ఆ వారం పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకుంటూ పోయాను, మోతకు సరిపడా గొంతు పెంచి.